ముల్లు ఎప్పుడు లేచింది?

కారు హీటవుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, చెయ్యి తిరిగిన మెకానిక్ వెంటనే బానెట్ ఎత్తడు. "ఎక్కడ హీటయింది సార్, ట్రాఫిక్‌లోనా, హైవే మీదా?" అంటాడు. ఆ తర్వాత "ఏసీ వేసుందా? నీళ్లేమైనా తగ్గుతున్నాయా?" అని అడుగుతాడు. కొత్తగా కారు కొన్నవాళ్లకు ఇదంతా కాలక్షేపం కబుర్లలా అనిపిస్తుంది. నిజానికి అతను అప్పటికే పనిలోకి దిగాడు. ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటులో భాగాలు పట్టుమని పది ఉండవు. వాటిలో ఒక్కొక్కటి ఒక్కో పరిస్థితిలో చేతులెత్తేస్తుంది. అందుకే టెంపరేచర్ ముల్లు ఎంత ఎత్తుకు లేచిందన్నదానికంటే, ఎప్పుడు లేచిందన్నదానిలోనే ఎక్కువ సమాచారం ఉంటుంది. అవే ప్రశ్నలు మనం వేసుకుంటే, స్పానర్ పట్టడం రాకపోయినా, ఇంటిముందు నిలబెట్టిన కారులో లోపం ఎక్కడుందో చాలావరకు తేల్చుకోవచ్చు.

ముందు ఎంత వేడితో వ్యవహారమో చూద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే చిన్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గంటకు 4 లీటర్లు తాగుతుంది. లెక్క వేస్తే అది 35 కిలోవాట్లు. అందులో బండిని నడిపేందుకు పనికొచ్చేది మూడో వంతు ఉంటే గొప్ప. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా వేడి పొగగా పోతుంది. మిగిలిన 11, 12 కిలోవాట్లు ఇంజన్ గోడల్లోకి దిగుతాయి. స్నానాల గదుల్లో పెట్టుకునే 2 కిలోవాట్ల గీజర్లు ఆరింటిని ఒక్కసారే వేసినంత వేడి అన్నమాట. దాన్నంతా ఆగకుండా బయటి గాలికి అప్పగించాలి. సిలిండర్‌లో మంట క్షణకాలం 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాని నెత్తిన ఉండే హెడ్‌ను పోసింది అల్యూమినియంతో, అది కరిగేది 660 డిగ్రీలకు. నీళ్లు తిరగడం ఆగిపోతే ఇంజన్ నిమిషాల్లో ఎందుకు పాడవుతుందో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

తొలి రోజుల్లో ఈ వేడిని వదిలించుకోవడానికి నీళ్లను మరిగించి ఆవిరిగా వదిలేసేవాళ్లు. 1888లో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వెళ్లినప్పుడు, దారిలో దొరికినచోటల్లా నీళ్లు పోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. 1900 చివరికి విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు 8,070 సన్నటి గొట్టాలతో రేడియేటర్ కట్టాడు. వాడిన నీటినే చల్లబరిచి మళ్లీ వాడుకోవడం దానితో గట్టిపడింది. మన కార్లలో ఉన్నదీ ఆ పద్ధతే. పంపు నీటిని ఇంజన్ బ్లాకులోకి, అక్కడి నుంచి హెడ్‌లోకి నెడుతుంది. వేడెక్కిన నీరు పై హోస్ పైపు గుండా రేడియేటర్‌లోకి వచ్చి, చల్లబడి, కింది హోస్ పైపు గుండా మళ్లీ పంపుకు చేరుతుంది. దారిలో థర్మోస్టాట్ కాపలా ఉంటుంది. అందులో చిన్న ఇత్తడి డబ్బా, డబ్బాలో మైనం ఉంటాయి. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర మైనం కరిగి ఉబ్బి, కడ్డీని నెట్టి దారి తెరుస్తుంది. సెర్జియస్ వెర్నే 1930లలో కనిపెట్టిన ఈ కిటుకుకు కరెంటూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు.

రేడియేటర్ మూతను మాత్రం అందరూ చిన్నచూపు చూస్తారు. ఈ మొత్తం ఏర్పాటులో చవకైనది కావడం వల్లేమో. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపలి పీడనం బయటి గాలికంటే అన్ని బార్లు ఎక్కువయ్యేదాకా మూతలోని స్ప్రింగు వాల్వు తెరుచుకోదని దానర్థం. 0.9 బార్ల అదనపు పీడనంలో మామూలు నీరే 118 డిగ్రీలు దాటాక గానీ మరగదు. సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్‌కు ఇంకో ఏడెనిమిది డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మూత రబ్బరు ఎండి పగిలితే ఈ వెసులుబాటంతా పోయినట్టే. ముల్లు కొంచెం లేవగానే హెడ్ లోపల బుడగలు పుడతాయి. నీళ్లు తాకినట్టుగా ఆవిరి లోహాన్ని చల్లబరచలేదు. మూతలో ఇంకో బుల్లి వాల్వు కూడా ఉంది. బండి చల్లారాక పక్క డబ్బాలోని కూలెంట్‌ను వెనక్కి లాక్కునేది అదే. పొద్దున్నే బానెట్ ఎత్తితే పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనిపించిందా? ఆ బుల్లి వాల్వు బిగుసుకుపోయింది. మూత మార్చేస్తే సరి.

వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దని అందరికీ తెలుసు, అయినా తీస్తూనే ఉంటారు. లోపల 115 డిగ్రీల దగ్గర 4 లీటర్ల నీరుందనుకోండి. మూత వదులవగానే పీడనం పడిపోతుంది. నీరు 100 డిగ్రీలకు దిగేలోగా దానిలో 110 గ్రాములు ఆవిరవుతుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, 110 గ్రాముల నీరంటే 180 లీటర్ల ఆవిరి. అది బయటికి తన్నుకొస్తూ మిగతా సలసల కాగే నీటిని వెంటేసుకొని మొహం మీదికే వస్తుంది. పై హోస్ పైపు మీద చెయ్యి హాయిగా ఆనించి ఉంచగలిగి, నొక్కితే మెత్తగా దిగినప్పుడే మూత జోలికి వెళ్లాలి. తడిగుడ్డ వేసి తీసినంత మాత్రాన చేతులు కాలకుండా ఉండవు.

ఇక మెకానిక్ ప్రశ్నల దగ్గరికి వద్దాం. ట్రాఫిక్‌లో ముల్లు లేచి, బండి కదిలి వేగం అందుకోగానే దిగుతోందంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి. గాలే అందడం లేదు. అంటే అనుమానం ఫ్యాన్ మీద. దీన్ని ఇంటి దగ్గరే చూడొచ్చు. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి. చాలా కార్లలో కొన్ని క్షణాల్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే మోటారును తిట్టే ముందు ఫ్యూజు పెట్టె తెరవండి. ఫ్యూజు బాగుంటే రిలే చూడాలి. హారన్ రిలే మీద కూడా అదే నంబరుంటే, దాన్ని పీకి ఫ్యాన్ రిలే స్థానంలో గుచ్చండి. ఫ్యాన్ తిరిగిందంటే రోగం దొరికింది. ఏసీ వేస్తే తిరుగుతూ, ఏసీ లేకుండా ఇంజన్ కాగినా ఫ్యాన్ రాకపోతే, దానికి కబురు పంపే టెంపరేచర్ సెన్సర్ దగ్గర తేడా ఉంది. రెండు ఫ్యాన్లున్న కార్లలో ఏది తిరుగుతోందో చూసుకోవాలి. ఏసీ ఫ్యాన్ తిరుగుతుంటే రేడియేటర్ ఫ్యాన్ బాగుందని భ్రమపడే ప్రమాదం ఉంది. ఇదంతా చేసేటప్పుడు వేళ్లు దూరంగా ఉండాలి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఊరుకోనక్కర్లేదు. ముందు జాలీకి ఒక పేపరు ముక్క ఆనించి వదలండి. మంచి ఫ్యాన్ దాన్ని లాగి పట్టుకుంటుంది. పేపరు జారిపోతే మోటారు బుష్‌లు అరిగి ఫ్యాన్ నీరసంగా తిరుగుతోంది. పేపరు ముందుకు ఎగిరిపడిందంటే ఎవరో మోటారు మార్చి వైర్లు అటుదిటు కలిపారు. గాలిని లాగాల్సిన ఫ్యాన్ ఎదురు ఊదుతోంది. ఇలాంటి బండ్లు ఊళ్లో నిదానంగా హీటవుతాయి, బయట ఏమీ తెలియదు. ఓనరు రేడియేటర్ మార్పించి, పంపు మార్పించి, చివరికి కారే మార్చాలనుకునే దశకు వస్తాడు.

హైవే మీద కథ తిరగబడుతుంది. 80లో వెళ్తున్నప్పుడు గాలికి కొదవ లేదు, ఫ్యాన్ ఆగిపోయినా తెలియదు. అక్కడ ముల్లు లేచి, వేగం తగ్గించాక దిగుతోందంటే రేడియేటర్ గొట్టాలు లోపల పాచి, తుప్పు పట్టి పూడిపోయాయి, లేదా నీటి పరుగు తగ్గింది. ఇంజన్ ఆపి రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా వేడి చూస్తే కొన్నిచోట్ల కాలుతూ, కొన్నిచోట్ల చల్లగా ఉంటుంది. చల్లగా ఉన్నచోట నీరు పారడం లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే పని సులువు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన తుపాకీ మాత్రం దీనికి పనికిరాదు, దాని కొలత ఒంటి వేడి దగ్గరే ఆగిపోతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రకమైనా మెరిసే అల్యూమినియం మీద పెడితే ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది, మెరిసే లోహం తన వేడిని సరిగా వెదజల్లదు కనక. నల్లటి రబ్బరు హోస్ మీదో, లోహం మీద నల్ల టేపు అతికించో కొలవాలి. ఇంకో సంగతి. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు కింది హోస్ పైపును గమనించండి. తొక్కినప్పుడల్లా అది లోపలికి పీల్చుకుపోతుంటే పైపు మెత్తబడింది. హైవే మీద పంపు గట్టిగా లాగినప్పుడు నీటిదారి అక్కడే మూసుకుంటోంది.

ఘాట్ రోడ్డు ఈ రెండు కష్టాలనూ కలిపి తెస్తుంది. తిరుమల ఎక్కుతున్నప్పుడో, శ్రీశైలం దారిలోనో, పాడేరు మలుపుల్లోనో బండి సెకండ్ గేర్‌లో మూలుగుతుంది. ఇంజన్ మీద బరువు హైవేకంటే ఎక్కువ, ముందునుంచి వచ్చే గాలి సైకిలుకు వచ్చినంతే. అందుకే ఊళ్లో బాగుండి, హైవే మీద బాగుండి, ఘాట్‌లో మాత్రమే ముల్లు లేస్తే ఏదీ పూర్తిగా చెడినట్టు కాదు. అన్నీ తలా కాస్త నీరసించాయి. ముందు చూడాల్సింది రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మూ, పురుగులూ, పత్తి నూగూ. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో పేరుకున్నది పైకి కనిపించదు. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రేడియేటర్ సంగతి లెక్కతోనే చూడొచ్చు. అది వదిలే వేడి తన ఉష్ణోగ్రతకూ బయటి గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలుంటే జనవరి పొద్దుటి 25 డిగ్రీల గాలిలో తేడా 70. మే నెల 45 డిగ్రీల్లో తేడా 50. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, సత్తువ మాత్రం దాదాపు 30 శాతం కోత. దానికి తోడు ఏసీ లోపలినుంచి లాగిన వేడిని రేడియేటర్‌కు ముందున్న కండెన్సరే గాలికి ఎక్కిస్తుంది కాబట్టి, రేడియేటర్‌కు చేరే గాలి ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే. ఎండల్లో బయటపడిన లోపం చాలాసార్లు చలికాలంలోనే మొదలై ఉంటుంది.

స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకే ముల్లు ఎగబాకితే అది వేరే కథ. అంత త్వరగా రేడియేటర్ ఓడిపోదు, అసలు నీరు దానిదాకా రావడం లేదు. పై హోస్ పైపు, కింది హోస్ పైపు పట్టి చూడండి. ఇంజన్ కాగిపోతున్నా రేడియేటర్‌కు వెళ్లే పైపు గోరువెచ్చగానో, చల్లగానో ఉంటే థర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుంది. దాన్ని విప్పి గిన్నెలో నీళ్లు పోసి, అడుక్కి తగలకుండా దారం కట్టి వేలాడదీసి పొయ్యి మీద కాచితే, దాని మీద చెక్కిన ఉష్ణోగ్రత దగ్గర వాల్వు నెమ్మదిగా లేవడం కళ్లారా చూడొచ్చు. నీళ్లు తెర్లుతున్నా లేవకపోతే పారేయడమే. హీటర్ వేసి చూడటం ఇంకో పరీక్ష. ముల్లు ఎర్రగీత దగ్గరుంటే హీటర్ నుంచి సెగలు రావాలి. చల్లగాలి వస్తోందంటే నీళ్లు చాలా తగ్గాయి, లేదా లోపల గాలి చిక్కుకుపోయింది. ఈ హీటరే రోడ్డు మీద ప్రథమ చికిత్స కూడా. ఏసీ ఆపి, హీటర్‌ను ఫుల్లుగా పెట్టి, కిటికీలు దించి, బండిని పక్కకు తీస్తే చిన్న రేడియేటర్ ఒకటి అదనంగా పనిచేసినట్టే. ఆవిరి కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా ఇంజన్ ఆపేయాలి. కాగిన హెడ్ మీద చన్నీళ్లు గుమ్మరించకూడదు.

థర్మోస్టాట్ గురించి షెడ్లలో ఒక మాట బాగా వినిపిస్తుంది: "మన ఎండలకు ఇదెందుకు సార్, తీసేద్దాం." ఈ సలహా నాకు గిట్టదు. థర్మోస్టాట్ లేని ఇంజన్ తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలని పెట్రోలూ తేమా ఆయిల్లో కలుస్తాయి, అరుగుదల పెరుగుతుంది. పైగా చాలా ఇంజన్లలో వేడెక్కాక అడ్డదారిని, అంటే రేడియేటర్‌కు పోకుండా నీరు లోపలే తిరిగే దారిని, మూసేది కూడా థర్మోస్టాటే. అది లేకపోతే కొంత నీరు చల్లబడకుండానే తిరుగుతూ ఉంటుంది. వేడి తగ్గుతుందని తీసేసిన వస్తువే ఘాట్‌లో వేడి పెంచుతుంది.

ముల్లును కూడా పూర్తిగా నమ్మకూడదు. చాలా కార్లలో అది 75 నుంచి 105 డిగ్రీల దాకా మధ్యలోనే నిలబడేలా చేస్తారు, డ్రైవరు ఊరికే కంగారుపడకుండా. అందుకే అది మధ్య గీత దాటి కదిలిందంటే చిన్న విషయం కాదు. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, నీలం దీపం, ఎర్ర దీపం, అంతే. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం ఉంటే ఫోన్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. ఇంకో మోసముంది. నీళ్లు బాగా కారిపోయి సెన్సర్ ఆవిరిలో మిగిలిపోతే, ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగొచ్చు. ఎగబాకిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి, ఆపేయండి.

ఇక నీళ్లు తగ్గడం. మూసి ఉన్న ఈ ఏర్పాటులో కూలెంట్ ఊరికే తరిగిపోదు. నెలనెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడికో పోతోంది. రాత్రి ఇంజన్ కింద అట్టముక్క పరచండి. ఏసీ నీళ్లకు రంగూ వాసనా ఉండవు. కూలెంట్ రంగు మరక వదులుతుంది, వేళ్లకు జిగురుగా తగులుతుంది. పంపు సీలు పోతే దాని ఒంటి మీదున్న చిన్న రంధ్రం నుంచి ఎండిన చార కిందికి దిగి ఉంటుంది. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, తియ్యటి వాసన వస్తుంటే హీటర్ కోర్ కారుతోంది. ఆ తీపి ప్రమాదకరం. ఇథిలీన్ గ్లైకాల్ విషం. నేల మీద ఒలికింది కుక్కలు నాకుతాయి, మూత లేని డబ్బా పిల్లల చేతికి చిక్కుతుంది. వెంటనే నీళ్లతో కడిగేయాలి.

తగ్గినదాన్ని బోరు నీళ్లతో నింపే అలవాటు మన దగ్గర ఎక్కువ. మన బోర్లలో చాలావాటి నీరు కఠినజలం. వేడి తగిలిన చోటల్లా అందులోని కాల్షియం కార్బొనేట్ పొరగా గడ్డకడుతుంది. అల్యూమినియంతో పోలిస్తే ఆ పొర వేడిని వందో వంతు కూడా పోనివ్వదు. అదీ ఇంజన్‌లో అన్నిటికంటే వేడైన చోటే, ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, ముందుగా కూర్చుంటుంది. దారిలో తప్పనిసరైతే ఏ నీళ్లయినా పోయండి, ఇంటికొచ్చాక కడిగించి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ నింపించండి. రంగు చూసి కలపకండి. పచ్చ, ఎరుపు, నీలం రంగులకు కంపెనీలన్నీ పాటించే కట్టుబాటేమీ లేదు, పడని రకాలు కలిస్తే జావలా చిక్కబడొచ్చు.

ఎక్కడా చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య బిగించే ఈ పలచటి పొర ఒకవైపు మంటనూ, ఇంకోవైపు నీళ్లనూ, ఆయిల్‌నూ విడదీసి ఉంచుతుంది. వేడికి అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. ఇనప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్ ఒకసారి బాగా కాగితే హెడ్ వంగుతుంది. సాధారణంగా అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే, వెంట్రుక మందం కూడా కాదు. ఆయిల్ గేజ్ కడ్డీ మీద పాలు కలిపిన కాఫీ రంగు, సైలెన్సర్ నుంచి ఇంజన్ కాగాక కూడా ఆగని తెల్లపొగ, చల్లని బండి స్టార్ట్ చేసిన నిమిషానికే రాయిలా బిగుసుకునే హోస్ పైపు, ఇవీ గుర్తులు. ఆయిల్ మూత లోపలి తెల్ల నురగ ఒక్కటే చూసి భయపడొద్దు. చలికాలంలో, వానల్లో పక్క వీధిదాకా మాత్రమే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా అది వస్తుంది.

అనుమానం తీరాలంటే రసాయన పరీక్ష ఉంది. మండిన వాయువులో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం పైనే ఉంటుంది, మంచి రేడియేటర్ మెడలోని గాలిలో దాని ఊసే దాదాపు ఉండదు. బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన నీలి ద్రవం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మెడ మీద పెట్టి, నడుస్తున్న ఇంజన్ నుంచి అక్కడి గాలిని రబ్బరు బంతితో ద్రవంలోకి లాగుతారు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఆమ్లంగా మారుతుంది, ఆమ్లం తగిలితే నీలం పసుపవుతుంది. పెద్ద షెడ్లలో ఈ గొట్టం ఉంటుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. పసుపు తిరిగితే షెడ్డుదాకా నడుపుకుంటూ వెళ్లకండి, లాగించుకెళ్లండి. హెడ్డు విప్పి లేత్‌లో ఫేసింగ్ చేయించే ముందు మెకానిక్‌ను ఒక్కమాట అడగండి: అసలు మొదటిసారి ఎందుకు కాగింది? గ్యాస్కెట్ తనంతట తాను పోవడం అరుదు. ఫ్యానో, థర్మోస్టాటో, పగిలిన మూతో దాన్ని పోగొడుతుంది. కారణాన్ని వదిలేసి కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేసిన బండి తర్వాతి వేసవికి మళ్లీ లేత్ దగ్గరికి వస్తుంది.

ఏ రిపేరు చేయించినా కూలెంట్ నింపేటప్పుడు దగ్గరుండండి. బండి ముక్కు కాస్త ఎత్తులో పెట్టి, చల్లని ఇంజన్‌తోనే మొదలుపెట్టి, మూత తీసి, హీటర్ వేడి వైపు తిప్పి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వాలి. లోపల చిక్కుకున్న గాలి బుడబుడమంటూ పైకొస్తుంది, మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం రెండు గీతల మధ్యకు తెచ్చి, పెన్నుతో గుర్తు పెట్టండి. మొదట్లో మిగిలిన గాలి పోయి కొంచెం దిగడం మామూలే. ఆ తర్వాత వారంపాటు గుర్తు దగ్గరే నిలిస్తే రిపేరు కుదిరినట్టే.